ఆ రోజు నొప్పి అంత లేదు

నాకు కీళ్లవాతం వచ్చినప్పటి నుంచి ఎవరు కలిసినా ముందు నా చేతుల గురించే అడుగుతారు. ఎట్లా మొదలైంది, ఎవరికి చూపించావు, ఏం మందు వాడుతున్నావు అని. అన్నిటికీ ఓపిగ్గా చెబుతూ వచ్చాను. ఒక్క రోజు సంగతి మాత్రం దాటేసేవాణ్ణి. ఇప్పుడు జబ్బు కాస్త అదుపులోకి వచ్చింది. పని కూడా దొరికింది, మనసుకు నచ్చిన పని. నన్ను చూసి ధైర్యం తెచ్చుకోమని అందరూ పక్కవాళ్లకు చెబుతుంటే తల ఎత్తలేకపోతున్నాను. అందుకే ఆ దాటేసిన రోజుతో సహా రాస్తున్నాను.

పత్తి తీతలప్పుడు

మాది ప్రత్తిపాడు. పదిహేడో ఏట గుంటూరులో ఒక మేస్త్రి దగ్గర చేరి మోటారు వైండింగ్ నేర్చుకున్నాను. పొలాల్లో బోర్లకు పెట్టే మోటార్లు కాలిపోతే వాటిని విప్పి, లోపల మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా పని. ఇనుప గాడుల్లోకి తీగను వేళ్లతో సర్దుతూ దించాలి. ఎక్కడైనా పూత గీరుకుపోయిందా, మోటారు మళ్లీ కాలినట్టే. ఈ పనిలో కళ్లు మోసం చేసినా వేళ్లు చేయవని మా మేస్త్రి అనేవాడు. పని వచ్చాక మా ఊళ్లోనే సొంతంగా కొట్టు పెట్టాను. నా వేళ్లను నమ్మి చుట్టుపక్కల ఊళ్ల రైతులు కూడా అక్కడికే వచ్చేవాళ్లు.

నాకు ముప్పై మూడేళ్లప్పుడు, ఊరంతా పత్తి తీతల్లో ఉన్న రోజుల్లో, ఒక పొద్దున మా పాప స్నేహకు యూనిఫాం గుండీలు పెట్టబోతే వేళ్లు వంగలేదు. చలికి బిగుసుకున్నాయనుకున్నాను. వేణ్ణీళ్లలో ముంచాను. పాప నా ముందు నిలబడి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, "నాన్నా, బెల్లు కొడతారు" అంటోంది. చివరికి మా ఆవిడ కరుణ వచ్చి గుండీలు పెట్టింది.

వారం తిరిగేసరికి రెండు చేతుల కణుపులూ ఉబ్బాయి. పొద్దున లేచిన రెండు గంటల దాకా టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి కాస్త సాగేవి. ఎవరో చెబితే ఊళ్లోనే ఒకాయన దగ్గర ఇంజక్షన్ చేయించుకున్నాను. మర్నాటికి చేతులు చిన్నప్పటిలాగా ఆడాయి. ఆ సంతోషంలో ఒక్క రోజులో రెండు మోటార్లు చుట్టి పడేశాను. పది రోజులకు నొప్పి మళ్లీ వచ్చింది, ఈసారి మోకాళ్లను కూడా వెంటబెట్టుకుని. మళ్లీ ఇంజక్షన్. ఇట్లా నాలుగు నెలలు పోనిచ్చాను. ఈ జబ్బు ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఆ నాలుగు నెలల తప్పు మీరు చేయకండి.

బ్రాడీపేటలో

చివరికి కరుణే బలవంతంగా బ్రాడీపేటలో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. మేడ మీద చిన్న హాలు, నాలుగు వరసల కుర్చీలు. అందరూ ముసలివాళ్లే ఉంటారనుకున్నాను. నా పక్కన కాలేజీ పిల్ల కూర్చుని ఉంది, చున్నీ కింద చేతులు దాచుకుని. అక్కడ ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. చేతులు చూసుకుంటారు. నా జబ్బు ఇంకెంత ముదురుతుందో పక్కవాళ్ల వేళ్లలో వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను.

నీళ్ల సీసా మూత తిరగక అవస్థ పడుతుంటే ఎదురు వరసలో ఒక పెద్దాయన లేచి వచ్చి, సీసా తీసుకుని, చంకలో బిగించి పళ్లతో మూత తీశాడు. "ఇట్టా తియ్యాల. నేర్చుకో, పనికొస్తది" అని నవ్వి వెళ్లి కూర్చున్నాడు. ఆయన వేళ్లు అన్నీ ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి.

డాక్టరమ్మ నా ఒక్కో కణుపూ నొక్కి చూసింది. ఇది పని వల్ల వచ్చింది కాదనీ, ఒళ్లే తన కీళ్ల మీద తిరగబడుతోందనీ, ఏళ్ల తరబడి మందులు వాడాలనీ చెప్పింది.

"ఎప్పటికి తగ్గుద్దండీ?" అన్నాను.

"అదుపులో ఉంచుదాం. ఏం పని చేస్తారు మీరు?"

"మోటారు వైండింగండీ."

ఆమె రాయడం ఆపి కరుణ వైపు చూసింది. "వేరే పని ఏదైనా ఆలోచించుకోండి. వెంటనే కాకపోయినా."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కరుణ నా చేతిని తన ఒళ్లో పెట్టుకుంది. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. పదహారేళ్లుగా నాకు తెలిసింది ఆ ఒక్క పని. అది కాకపోతే నేనేమిటో నాకు తెలియదు.

కరుణ కొట్లోకి వచ్చింది

కరుణ గురించి చెప్పాలి. వాళ్ల అమ్మ సువార్తమ్మ మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లి ఒక్కగానొక్క కూతుర్ని లెక్కలతో డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ చదివించింది. మిరప కోసి వచ్చిన రోజుల్లో చేతులు మండి అన్నం కూడా గరిటెతో తినేదట. కరుణ మా ఊరి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. డీఎస్సీ పడితే రాసి గవర్నమెంటు టీచరు కావాలన్నది తల్లీకూతుళ్ల ఒకే ఒక్క ఆశ. పెళ్లికి ముందు మా అత్త నన్ను అడిగింది ఒక్కటే: "మా పిల్ల చేత ఉద్యోగం మాన్పించవు కదా?" మాన్పించనని చెప్పాను.

వేసవి సెలవుల్లో కొట్టు మూతపడే పరిస్థితి వచ్చినప్పుడు కరుణ అడిగింది. "నాకు చెప్పండి, నేను చుడతాను."

"నీ వల్ల ఏమవుద్ది? రాగి తీగ వేళ్లు కోసేస్తది."

"మా అమ్మ చేతులకంటేనా?"

మొదటి మోటారుకు తొమ్మిది రోజులు పట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పేవాణ్ణి, ఆమె చుట్టేది. ఎన్ని చుట్లు, ఏ గాడి నుంచి ఏ గాడికి అన్నది లెక్కల టీచరు కాబట్టి నాకంటే ముందే పట్టేసింది. వేళ్లకు పని రావడానికే టైం పట్టింది. ఆ మోటారు తీసుకెళ్లిన రైతు కోటయ్య బాబాయి మొదట, "ఆడమనిషి చుట్టిన మోటారా? నా మిరపతోట ఎండబెడతావా ఏందిరా మోజెస్?" అని గొడవ చేశాడు. ఆ మోటారు ఆ పంట కాలమంతా ఆగకుండా తిరిగింది. తర్వాత ఆయనే ఇద్దరికి చెప్పాడు.

చేతులు కట్టేసినట్టయ్యాక నాలో ఇంకేదో మేలుకుంది. అంతకుముందు మోటారు వస్తే చుట్టి ఇచ్చేవాణ్ణి, అంతే. ఇప్పుడు అసలు ఎందుకు కాలిందని ఆలోచించే తీరిక దొరికింది. కరుణ స్కూటీ నడిపేది, నేను వెనక కూర్చుని చేలకు వెళ్లేవాణ్ణి. మోటారు వేయించి, కళ్లు మూసుకుని చప్పుడు వినేవాణ్ణి. బేరింగు అరుస్తోందా, నీళ్లు అందక ఖాళీగా తిరుగుతోందా, కరెంటు తక్కువై మూలుగుతోందా, వినగానే తెలిసిపోయేది. "మోజెస్ చెవి పెడితే చాలు" అని రైతులు అనడం మొదలుపెట్టారు. పదహారేళ్లలో ఆ పనిలో ఎప్పుడూ దొరకని తృప్తి నాకు జబ్బుపడ్డాక దొరికింది. పొద్దున నొప్పితో లేచేవాణ్ణి, సాయంత్రం ఉత్సాహంగా ఇల్లు చేరేవాణ్ణి.

స్కూళ్లు తెరిచారు. కరుణ ఒక్క నెల సెలవు పెట్టింది. ఆ నెల రెండయింది. రెండో నెల చివర స్కూలువాళ్లు ఇంకొక టీచర్ని పెట్టుకున్నారు. ఆ కబురు వచ్చినప్పుడు కరుణ తీగ చుడుతోంది. "అట్లాగా" అని ఫోను పక్కన పెట్టింది. నేను ఏదో ఒకటి అనాల్సింది. నాకు లోపల హాయిగా అనిపించింది, అందుకే ఏమీ అనలేదు.

పరీక్ష రోజు

తర్వాతి ఏడు డీఎస్సీ పడింది. ఎన్నో ఏళ్ల తర్వాత పడింది. కరుణ తెల్లవారుజామునే లేచి వంటింట్లో పుస్తకం పెట్టుకుని చదివేది. పగలంతా కొట్లో. మా అత్త వచ్చి పాపను చూసుకునేది, వంట చేసేది, కూతురు చదువుతుంటే చప్పుడు కాకుండా గిన్నెలు తోమేది. కరుణకు ఒంగోలు సెంటరు పడింది, మధ్యాహ్నం పూట పరీక్ష.

నాకు భయం పట్టుకుంది. ఉద్యోగం వస్తే ఎక్కడ వేస్తారో. కొట్టెవరు నడుపుతారు? చేలకు నన్నెవరు తీసుకెళ్తారు? గుండీలు ఎవరు పెడతారు, అన్నం ఎవరు కలుపుతారు? ఇవన్నీ కరుణతో అనొచ్చు. అంటే ఏదో ఒక దారి ఆలోచించేది. కానీ అంటే నేను ఎలాంటివాణ్ణో ఇద్దరికీ తెలిసిపోతుంది. అందుకని, "బాగా రాయి, నా గురించి ఆలోచించకు" అని రోజూ అంటూ వచ్చాను.

పరీక్ష రోజు పొద్దున నాకు నొప్పి ఉంది. రోజూ ఉన్నంతే ఉంది. నిజానికి ముందు రోజు కన్నా తక్కువే. గ్లాసు ఒక్క చేత్తో పట్టుకుని టీ తాగాను. పక్క గదిలో కరుణ చీర కట్టుకుంటోంది, ఏదో పాట కూనిరాగం తీస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమె అట్లా పాడుకోవడం విన్నాను. మా అత్త బయట అరుగు మీద డబ్బాలో పులిహోర సర్దుతోంది.

ముందే అనుకుని చేశానా అంటే, లేదు. నోటి నుంచి వచ్చేసింది. "కరుణా! లేవలేకపోతున్నా."

అప్పటికే బ్యాగు తగిలించుకున్నట్టుంది, అట్లాగే పరుగెత్తుకు వచ్చింది. నేను మంచం మీద ముడుచుకుని ఉన్నాను.

"ఏమైందండీ? మోకాళ్లా?"

"గుండెల్లో పట్టేసినట్టుంది. ఊపిరి ఆడట్లా."

ఆ మాట ఎందుకన్నానంటే, చేతులు నొప్పి అంటే వాళ్ల అమ్మను నా దగ్గర ఉంచి వెళ్లిపోతుందని. కరుణ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత బ్యాగు భుజం మీద నుంచి తీసి కుర్చీలో పెట్టింది. అప్పుడైనా తగ్గిందని లేచి కూర్చోవచ్చు. ఆటో వచ్చేలోపల లేవొచ్చు. గుంటూరు దారిలో పది చోట్ల లేవొచ్చు. ఆటోలో ఆమె నా వీపు రాస్తూనే ఉంది, పరీక్ష మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మొదట గుండె పరీక్ష చేశారు. బాగానే ఉందన్నారు. అయినా నమ్మకం లేక కరుణ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. అదే మేడ, అవే కుర్చీలు. మా నంబరు కోసం కూర్చున్నప్పుడు ఆమె ఫోను మోగింది. బీఈడీలో ఆమె స్నేహితురాలు నాగమణి, ఒంగోలు నుంచి. హాలు నిశ్శబ్దంగా ఉంది కాబట్టి ఆ పక్క మాటలు నాకూ వినపడ్డాయి.

"ఎక్కడున్నావే? గేటు మూసేస్తున్నారు!"

"రాలేనే నాగా. మా ఆయనకి బాగాలేదు."

"అయ్యో... అదేందే, ఇవాళేనా?"

"నువ్వు లోపలికెళ్లు. కంగారు పడకు, బాగా రాయి."

ఫోను బ్యాగులో పెట్టి, నా వైపు తిరిగి, "ఇప్పుడెట్లా ఉంది?" అంది.

డాక్టరమ్మ నా కణుపులు నొక్కింది. ఒకసారి నొక్కి, మళ్లీ నొక్కింది. "వాపు పోయినసారి కన్నా తగ్గిందే" అంది. తల ఎత్తి నా కళ్లలోకి చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూపు తిప్పుకున్నాను. "పొద్దున అసలు లేవలేకపోయారండీ మేడం" అని కరుణ నా తరఫున చెప్పింది. డాక్టరమ్మ మందులు రాసి ఇచ్చింది.

ఇంటికొచ్చాక మా అత్త పులిహోర డబ్బా తెరిచి పాపకు పెడుతూ, "పోనీలే అమ్మా. మనిషి దక్కాడు. అది మళ్లీ పడకపోద్దా" అంది. మర్నాడు పొద్దున్నే పనికి వెళ్లిపోయింది.

సాక్ష్యం

ఆ తర్వాత నెలల్లో నాకు మందులు పనిచేయడం మొదలుపెట్టాయి. వారానికోసారి వేసుకునే మాత్ర మర్నాడంతా కడుపులో తిప్పుతుంది కానీ, వాపులు దిగాయి. ఒళ్లు తేలికవుతున్నకొద్దీ లోపల బరువెక్కింది. కరుణ రాగి తీగ చుడుతుంటే ఆమె వేళ్ల మీద కోతలు కనపడేవి. ముందు కూడా ఉండేవి, అప్పుడు నేను చూడలేదు. నాగమణికి ఉద్యోగం వచ్చి తెనాలి వైపు చేరిందని తెలిసిన రోజున కరుణ ఫోనులో నవ్వుతూ మాట్లాడి, పెట్టేశాక చాలాసేపు తీగ పీకేసిన ఖాళీ మోటారు ముందు కూర్చుంది.

చర్చిలో కృతజ్ఞతల ఆదివారం వచ్చింది. మా పాస్టరు అయ్యగారు ముందురోజే ఇంటికొచ్చి, "మోజెస్, రేపు నువ్వు సాక్ష్యం చెప్పాల. దేవుడు నీ మీద ఎంత దయ చూపించాడు! నీ భార్యను చూసైనా ఊరు నేర్చుకోవాల" అన్నారు. కాదనలేకపోయాను.

మైకు ముందు నిలబడ్డాను. జబ్బు గురించి చెప్పాను, డాక్టరమ్మ గురించి చెప్పాను, కరుణ పని నేర్చుకున్నది చెప్పాను. పరీక్ష రోజు సంగతి చెప్పకుండా దాటబోతుంటే, అయ్యగారే వెనక నుంచి, "పరీక్ష కూడా వదులుకుంది కదా, చెప్పు" అన్నారు. "అవును, నా ప్రాణం కోసం పరీక్ష వదులుకుంది" అన్నాను మైకులో. అందరూ స్తోత్రం అన్నారు. కిందికి దిగగానే మా అత్త ఆడవాళ్ల వరసలోంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మిరప కోతల రోజులవి. ఆమె చేతులు నిప్పుల్లా ఉన్నాయి.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు కరుణతో చెప్పేశాను.

"ఆ రోజు నొప్పి అంత లేదు."

"ఏ రోజు?" అని, వెంటనే అర్థమై, కరుణ గరిటె ఆపింది. "గుండెల్లో పట్టేసిందన్నారు."

"లేదు."

"కొంచెం కూడానా?"

"లేదు కరుణా."

నా కంచంలో కూర వేయడం పూర్తి చేసింది. పాపకు వేసింది. తను కూర్చోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, గోడకు ఆనుకుని, "నేను ఆటోలో ప్రార్థన చేశాను. ఉద్యోగం వద్దు, మనిషిని ఉంచమని" అంది. ఏడవలేదు. కాసేపయ్యాక, "అమ్మకి నేను చెప్పను. మీరే చెప్పండి" అంది.

కల్లంలో

మర్నాడు మా అత్త ఊరి బయట కల్లంలో ఉంది. ఎండబోసిన మిరపకాయల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. ముక్కుకు గుడ్డ కట్టుకుంది. నేను ఆ ఘాటుకు దగ్గుతూ దగ్గరికి వెళ్లి, పక్కన గొంతుక్కూర్చోలేక నిలబడే చెప్పాను. ఆమె ఏరుతూనే వింది. విని, ముఖం మీది గుడ్డ లాగేసింది.

"ఏమయ్యా, నొప్పి ఎవరికి లేదు? ఇక్కడ కూర్చున్నోళ్లలో ఎవరికి లేదో అడుగు!" చుట్టూ ఆడవాళ్లు తలెత్తి చూశారు. "నాకు భయంగా ఉంది, ఉండిపోవే అని అడగలేకపోయావా? అడిగితే ఉండేదేమో పిచ్చిది!"

"అడగడానికి నోరు రాలేదత్తా."

"ఎందుకొస్తది? అడిగితే నువ్వు ఆపినట్టయ్యేది. పడిపోతే దేవుడు ఆపినట్టయింది." ఆమె గొంతు దిగింది. "ఆయన మీద పెట్టేశావు కదయ్యా. నేను ఏడాదిగా ఆయన్నే తిట్టుకుంటున్నా."

ఆమె మళ్లీ గుడ్డ కట్టుకుని కాయలు ఏరడం మొదలుపెట్టింది. నేను వచ్చేశాను.

ఒక్కణ్ణే

కరుణ కొట్టుకు రావడం మానేసింది. ఒప్పుకున్న రెండు మోటార్లు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, తాళం చెవి బల్ల మీద పెట్టింది. వారం తిరగకముందే పాత స్కూల్లో మళ్లీ చేరింది. ఇంట్లో నాకు కావలసినవన్నీ చేసేది. గుండీలు పెట్టేది. కానీ పెడుతున్నప్పుడు నా ముఖం చూసేది కాదు.

కొట్టు మూసేశాను. గుండీల చొక్కాలు మానేసి తల మీంచి తొడుక్కునేవి కొన్నాను. పాతిక రోజులు ఇంట్లోనే ఉన్నాను. అట్లా ఉండగా ఒక రోజు కోటయ్య బాబాయి ఫోను చేశాడు.

"ఒరేయ్ మోజెస్, మోటారు ఏదో మొరాయిస్తుందిరా. నువ్వు రావా?"

"రాలేను బాబాయ్. బండి నడిపేవాళ్లు లేరు."

"నువ్వు రాకపోతే పోనీ, మోటారునే వినిపిస్తా ఉండు" అని ఫోను మోటారు దగ్గర పెట్టాడు. విన్నాను. కరెంటు మూడు తీగల్లో ఒకదాంట్లో సరిగ్గా రావట్లేదు. "ఆపెయ్, ఆపెయ్ బాబాయ్! ఇంకాసేపు తిరిగితే కాలిపోద్ది. స్టార్టరు డబ్బా తెరిచి ఏం కనపడుతుందో చెప్పు" అన్నాను. వదులైన తీగ దొరికింది. మెయిన్ ఆపించి, ఆయన చేతే బిగించాను.

అక్కడి నుంచి ఫోన్లు రావడం మొదలయ్యాయి. ఎదుటి మనిషి చేతులతో పని చేయించాలంటే మాటలు ఎంత సరిగ్గా ఉండాలో అప్పుడు నేర్చుకున్నాను. "అది తిప్పు" అంటే కుదరదు. ఏది, ఎటు, ఎంత అన్నీ చెప్పాలి. ఆరు నెలల తర్వాత గుంటూరు పక్కన మోటార్ల రిపేరు నేర్పే ఒక శిక్షణ కేంద్రం నుంచి పిలిచారు. నా చేతులు చూపించి, "నేను చేసి చూపించలేనండీ" అన్నాను. అక్కడి పెద్దాయన, "చేసి చూపించేవాళ్లు ఇద్దరున్నారు. ఒక్కరికీ చెప్పడం రాదు" అన్నారు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు అక్కడ పాఠం చెబుతాను. నేర్చుకునేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు. నేను తీగ ముట్టను. చెబుతాను, వాళ్లు చేస్తారు, మోటారు తిరుగుతుంది. మొదటిసారి ఒకామె చుట్టిన మోటారు తిరిగినప్పుడు క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం తొమ్మిది రోజులు పట్టిన ఆ మొదటి మోటారూ, దాని మీద వంగిన కరుణ తలా కనపడ్డాయి. చెప్పి చేయించే ఈ విద్య నాకు ఆమె వేళ్ల మీద వచ్చింది. ఈ పనిలో ఎంత సంతోషం ఉందో అంత సిగ్గూ ఉంది. రెండిట్లో ఏదీ రెండోదాన్ని తగ్గించడం లేదు.

రెండో పరీక్ష

ఆ మరుసటి ఏడు గురుకుల పాఠశాలల్లో కాంట్రాక్టు టీచరు పోస్టులు పడ్డాయి. కరుణ దరఖాస్తు పెట్టింది. నాకు చెప్పలేదు, పాప చెప్పింది.

పరీక్ష రోజు పొద్దున నేను కళ్లు తెరిచేసరికి ఒళ్లు కదలడం లేదు. ఈసారి నిజంగానే. వారం నుంచి వాన ముసురు, మాత్ర ఒక వారం తప్పిపోయింది. మోకాళ్లు, భుజాలు, దవడ కూడా. దుప్పటి తీయడానికి చెయ్యి రాలేదు. మూలుగు బయటికి రాకుండా పళ్లు బిగించుకుని పడుకున్నాను. అడగకపోతే చెప్పకూడదనుకున్నాను. కానీ కరుణ తయారై గుమ్మంలోకి వచ్చింది.

"లేవలేదేం?"

అబద్ధం చెప్పాలంటే ఈసారి బాగానే ఉందని చెప్పాలి. అది కూడా చెప్పబుద్ధి కాలేదు.

"నొప్పిగా ఉంది. చాలా ఉంది. నువ్వు వెళ్లు."

ఆమె దగ్గరికి వచ్చింది. దుప్పటి తొలగించి నా చేతుల వైపు చూసింది, వంగి మోకాళ్ల మీద చెయ్యి వేసి చూసింది. వేడిగా, కుండల్లా ఉన్నాయి. ఆమె ముఖంలో నమ్మకం వచ్చింది. దాని వెనకే భయం వచ్చింది. బ్యాగు తీయడానికి చెయ్యి భుజం మీదికి వెళ్లింది.

"కరుణా, తియ్యొద్దు" అన్నాను. అంత గట్టిగా ఆమె మీద ఎప్పుడూ అరవలేదు. "తియ్యొద్దు. బస్సు పోద్ది."

బయటి నుంచి మా అత్త లోపలికి వచ్చింది. కల్లం తర్వాత ఏడాది పైగా ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. నన్ను చూసి, కూతుర్ని చూసి, "నడువు. నేనుంటా" అంది. ఆ రోజు పని మానుకుని కూర్చుంది. మధ్యాహ్నం జావ కాచి, నా తల కింద మోచెయ్యి పెట్టి లేపి, గరిటెతో తాగించింది. గిన్నె ఖాళీ అయ్యాక, "ఇంకొంచెం తాగుతావా?" అంది. అంతే. నేను ఏడుస్తున్నానని ఆమెకు కనపడింది, మూతి తుడిచిన గుడ్డతోనే కళ్లు కూడా తుడిచింది.

కరుణకు ఉద్యోగం వచ్చింది. ప్రకాశం జిల్లాలో దర్శి అవతల. డీఎస్సీ ఉద్యోగం లాంటిది కాదు, ఏడాదికేడాది పొడిగించేది. నాగమణి ఉద్యోగానికీ దీనికీ ఉన్న తేడా మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. పాప తల్లి దగ్గరే చదువుతోంది. శనివారం సాయంత్రం ఇద్దరూ వస్తారు. మిగతా రోజుల్లో నా పనులు నేనే చేసుకుంటాను. అన్నం చెంచాతో తింటాను, సీసా మూతలు తీయడానికి గోడకు బిగించిన కొక్కెం ఉంది. ఇవన్నీ నేర్చుకున్నాను. ఆ రోజు కూడా నేర్చుకోగలిగేవాణ్ణే.

జబ్బుతో ఉన్నవాళ్లకు చెప్పేంత పెద్దవాణ్ణి కాదు. ఒక్కటి మాత్రం చెబుతాను. నొప్పిని నమ్మేవాళ్లు ఇంట్లో ఉండటం చాలా పెద్ద వరం. దాన్ని ఒక్కసారి అబద్ధానికి వాడుకుంటే చాలు, పోతుంది.

క్షమించావా అని కరుణను ఎప్పుడూ అడగలేదు. అడిగితే అవునంటుంది, నాకు ఆ జవాబే కావాలని ఆమెకు తెలుసు కాబట్టి. శనివారం బస్సు దిగి లోపలికి వస్తూనే, చెప్పులు విప్పుతూ, "ఎట్లా ఉంది?" అని అడుగుతుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను. విని, తల ఊపుతుంది. అయినా ఒక్క క్షణం ఆమె కళ్లు నా వేళ్ల మీదికి వెళ్తాయి, చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి. పాపం, తనకు తెలియకుండానే. నేను చేతులు రెండూ వెలుతురులోకి చాపి, ఆమె చూడటం అయ్యేదాకా అట్లాగే ఉంచుతాను.